గది చూసి మనిషిని తేల్చేయొచ్చా? మా తమ్ముడి సంబంధం వెనక్కి పోయింది

ఏటిగట్టు_అక్క
మాది రాజోలు దగ్గర. మా తమ్ముడికి 29 ఏళ్లు. రొయ్యల చెరువుల వాళ్లకి నీళ్లు టెస్ట్ చేసిపెట్టే చిన్న ల్యాబ్ నడుపుతాడు. పెళ్లిచూపులు అయ్యాయి, అమ్మాయి నచ్చింది, అబ్బాయి నచ్చాడు. పోయిన ఆదివారం వాళ్ల వైపు వాళ్లు మా ఇల్లు చూసుకోడానికి వచ్చారు. భోజనాలు కూడా అయ్యాయి. అమ్మాయి మేనత్తగారు చేతులు కడుక్కుంటానని మేడ మీదకి వెళ్లారు. అక్కడ మావాడి గది తలుపు తీసే ఉంది.

రెండు రోజులకి మధ్యవర్తి ఫోన్. "అన్నీ బాగున్నాయి గానీ, ఆ గది చూశాక అబ్బాయికి బాధ్యత ఉన్నట్టు అనిపించలేదంటున్నారమ్మా" అని.

గది సర్ది ఉండదు, ఒప్పుకుంటాను. మంచం సగం పుస్తకాలే. కుర్చీ బట్టల కింద ఎక్కడో ఉంటుంది. కిటికీ గట్టు మీద నీళ్ల సీసాలు, మూలన విప్పి పెట్టిన ఏరియేటర్ (చెరువు నీళ్లల్లో గాలి కలిపేది) మోటారు, ఒక పాత రేడియో, వల ముక్క. కానీ నా కాన్పప్పుడు ఆసుపత్రి వరండాలో మూడు రాత్రులు బెంచీ మీద పడుకున్నది వాడే. నాన్న పోయాక అప్పులన్నీ ఒక్కో కాగితం చించుకుంటూ తీర్చింది వాడే. అలాంటివాణ్ణి అయిదు నిమిషాల్లో, వాడు లేనప్పుడు, వాడి కుర్చీ మీద బట్టలు చూసి తేల్చేశారు. అమ్మ అన్నం మానేసింది.

నిజంగా అడుగుతున్నాను. గదినీ, వస్తువుల్నీ చూసి మనిషి ఎలాంటివాడో చెప్పొచ్చా?

కొబ్బరితోట_కుర్రోడు
అక్కా, నా గది గానీ చూసి ఉంటే ఆవిడ మెట్లు దిగకుండా మేడ మీంచే పారిపోయేవారు. బాధపడకండి.

మండువా_మనవరాలు
నేను మేనత్తగారి వైపండీ. కోపం తెచ్చుకోకండి. మా పెళ్లప్పుడు మావాళ్లు హాలు చూశారు, పెరట్లో కొబ్బరిచెట్లు లెక్కపెట్టారు, బోరు నీళ్లు తాగి చూశారు. ఆయన గది ఎవరూ చూడలేదు. 12 ఏళ్లుగా మంచం మీద తడి తువ్వాలు తీస్తున్నాను. మనిషి మంచివాడే, కాదనను. కానీ ఆ తువ్వాలు ఒక మాట చెప్తుంది. "నా వెనకాల ఎవరో ఒకరు తీస్తారులే" అని. ఆ మాట పెళ్లికి ముందే వినే అవకాశం వస్తే ఏ ఆడపిల్ల మేనత్తయినా వింటుంది.

గోదారి_సైకిల్
తువ్వాలు గురించి ఇంత ఘాటుగా రాసింది ఇంతవరకూ చదవలేదు. మా ఇంట్లో చూపించకుండా ఈ పేజీ మూసేస్తున్నా.

పాఠాల_మాస్టారు
కాకినాడలో డిగ్రీ పిల్లలకి సైకాలజీ చెప్తాను. అక్కగారు అడిగిన ప్రశ్న మీద నిజంగానే పరిశోధన జరిగింది, చెప్తాను.

అమెరికాలో శామ్ గోస్లింగ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తోటివారితో కలిసి 94 ఆఫీసు గదులు, 83 పడకగదులు తీసుకున్నాడు. గది ఓనరుని ఎప్పుడూ చూడనివాళ్లని ఆ గదుల్లోకి పంపి, "ఇందులో ఉండేవాడు ఎలాంటివాడు?" అని మార్కులు వేయించాడు. అవతల ఆ ఓనరు తన గురించి తాను చెప్పుకున్నదీ, అతన్ని బాగా ఎరిగినవాళ్లు చెప్పిందీ పక్కన పెట్టి పోల్చాడు. 2002లో అచ్చయింది.

తేలింది ఏంటంటే, కొన్ని విషయాల్లో ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా బాగానే పట్టుకున్నారు. కొత్త సంగతుల మీద ఆసక్తి ఉన్నవాడా కాదా అన్నది అన్నిటికంటే బాగా దొరికింది. క్రమశిక్షణ ఉందా లేదా అన్నది కూడా చాలావరకు దొరికింది. కానీ మనిషి మెత్తనివాడా, పక్కవాడి కష్టం చూసి కరుగుతాడా, నలుగురితో సర్దుకుపోతాడా అన్నది గది దాదాపు చెప్పలేకపోయింది.

కాబట్టి మేనత్తగారు "అబ్బాయి బట్టలు మడతపెట్టడు" అని ఉంటే నూటికి నూరుపాళ్లు నిజం. "బాధ్యత లేదు" అన్నారు చూడండి, అక్కడ గది చెప్పని మాట కూడా ఆవిడే చెప్పేశారు. మూడు రాత్రులు బెంచీ మీద పడుకున్న సంగతి ఏ గోడ మీదా రాసి ఉండదు కదా.

ఏటిగట్టు_అక్క
మాస్టారూ, ఇది ప్రింటు తీసి మధ్యవర్తికి ఇవ్వాలనిపిస్తోంది.

మండువా_మనవరాలు
క్రమశిక్షణ దొరుకుతుందని మాస్టారే ఒప్పుకున్నారు. నేనూ అన్నది అదే. తువ్వాలు అబద్ధం చెప్పదు.

పాఠాల_మాస్టారు
చెప్పదు. అయితే ఇంట్లో వస్తువులన్నీ ఒకే రకం మాట చెప్పవమ్మా. కొన్ని మనం కావాలని పెట్టేవి. హాల్లో సన్మానం ఫొటో, తలుపు మీద దేవుడి స్టిక్కర్, అద్దాల బీరువాలో కప్పులు. నేను ఫలానా అని పదిమందికీ చెప్పుకోడానికి, లేదా మనకి మనమే గుర్తు చేసుకోడానికి. కొన్ని మన మనసుని సర్దుకోడానికి పెట్టుకునేవి. మీ తమ్ముడి పాత రేడియో అలాంటిదేనేమో. ఇంక మూడో రకం, మనం పెట్టనివి. బతుకుతుంటే వెనకాల రాలిపోయేవి. కుర్చీ మీద చొక్కా, చివర నలిగిన పుస్తకం, అరిగిన చెప్పు మడమ. ఎవరికీ చూపించాలని పెట్టలేదు గనక ఎక్కువ నిజం దొరికేది ఈ మూడో రకంలోనే. కాకపోతే దేని వెనక ఏ పని ఉందో తెలిసి చూడాలి.

కొబ్బరితోట_కుర్రోడు
అద్దాల బీరువా అంటే గుర్తొచ్చింది. మా ఇంట్లో అందులో ఆరు గాజు గ్లాసులు, వాటి మీద గులాబీలు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్నాయి. ఒక్క చుక్క నీళ్లు పోసి ఎరగం. ఎవరొచ్చినా స్టీలు గ్లాసే. ఒకసారి కలెక్టరు ఆఫీసు నుంచి ఎవరో వస్తే అమ్మ బీరువా తాళం దాకా వెళ్లి, ఆగి, స్టీలు గ్లాసుతోనే వచ్చింది.

గోదారి_సైకిల్
మా ఇంట్లో ఆ గ్లాసుల మీద ద్రాక్షపళ్లు. మిగతాదంతా సేమ్.

లంకలో_ఇల్లు
మాస్టారు చివర అన్నది, "దేని వెనక ఏ పని ఉందో తెలియాలి" అన్నది, మా ఇంటి సంగతి చెప్తే ఇంకా అర్థమవుతుంది.

మాది పి.గన్నవరం దగ్గర, గోదారి మధ్యలో ఉండే లంక. మా ఊరి బడికి కొత్తగా వచ్చిన పంతులమ్మగారు మా ఇంట్లో అద్దెకి దిగారు. నాలుగు రోజులు చూసి అమ్మని అడిగారట, "ఏవండీ, మీ ఇంట్లో అందరికీ ఏదో భయం ఉన్నట్టుంది, అన్నీ అంత ఎత్తున దాచుకున్నారేంటి?" అని. ఆవిడ చూసింది నిజమే. మా ఇంట్లో నడుము ఎత్తు వరకూ గోడలు ఖాళీ. బియ్యం, పప్పులు, బట్టల పెట్టె, పుస్తకాలు, దేవుడి గూడు, అన్నీ పైనే. అటక మాత్రం కిక్కిరిసిపోయి ఉంటుంది. బయటివాళ్లకి అది చిందరవందర ఇల్లులా కనిపిస్తుంది.

పడమటి గోడ మీద మేకుతో గీసిన గీత ఉంది. 1986 ఆగస్టు వరద అక్కడిదాకా వచ్చింది. ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుండాలో ఆ గీతే చెప్తుంది. అది మా అమ్మ స్వభావం కాదు, నాన్న స్వభావం కాదు. గోదారి స్వభావం.

ఇంకోటి. 2022 జూలైలో నీళ్లు ఊళ్లోకొచ్చి పడవలెక్కేటప్పుడు ఎవరేం పట్టుకున్నారో నాకు ఇప్పటికీ కళ్లకి కడుతుంది. అమ్మ సర్టిఫికెట్ల సంచి. నాన్న గేదె పలుపు వదల్లేదు. నేను ఫోను, ఛార్జరు. మా మామ్మ మాత్రం అటక మీంచి పొత్రం దింపించింది. సన్నికల్లు పొత్రం! గుడ్డలో చుట్టి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని కూచుంది. పడవ నడిపే అతను "ఏంటి మామ్మా, రాయికి కూడా టిక్కెట్టా?" అన్నాడు. నేనూ విసుక్కున్నాను. గట్టు మీద శిబిరంలో రాత్రి అడిగితే చెప్పింది. 86లో గోడ కూలి పొత్రం ఒండ్రులో కూరుకుపోయిందట. సన్నికల్లు మిగిలింది, పొత్రం పోయింది. కొత్తది కొనడానికి డబ్బుల్లేక ఆర్నెల్లు పక్కింటికి వెళ్లి నూరుకొచ్చిందట. "రోజూ పచ్చడికి ఒకళ్ల గుమ్మం తొక్కడం ఎలా ఉంటుందో నీకు తెలీదే" అంది.

ఆ పొత్రం మధ్యలో కొంచెం సన్నబడింది, రెండు చివర్లా ఆవిడ అరచేతుల చోట నున్నగా అద్దంలా ఉంటుంది. అటక ఎక్కి చూసినవాళ్లెవరైనా "ఈ రాయిని పైన ఎందుకు పెట్టారు, బుద్ధి లేదా" అనే అనుకుంటారు.

నరసాపురం_లేసు
పొత్రం దగ్గర ఆగిపోయాను. మా అమ్మమ్మకి చదివి వినిపించాను. "అవునే, అడుక్కోడం అన్నిటికంటే బరువు" అంది.

ఏటిగట్టు_అక్క
అమ్మకి కూడా వినిపించాను. రెండు రోజుల తర్వాత ఇవాళే కాస్త అన్నం తింది.

పంటు_రేవు
వరదంటే మాకు 1996 నవంబరు తుఫాను. అప్పుడు పట్టుకెళ్లడానికి టైమెక్కడిది, గాలి. తెల్లారేసరికి తోటలు నేలమట్టం. మా నాన్న అటూ ఇటూ తిరిగి శిథిలాల్లోంచి ముందు తీసింది కొబ్బరి దింపుల లెక్కల పుస్తకం. చెట్లే లేనప్పుడు లెక్కలెందుకని అమ్మ అరిచింది. ఏ చెట్టు ఏ ఏడు ఎన్ని కాయలిచ్చిందో అందులో ఉంది. ఆ పుస్తకం ఎండబెట్టుకుని, ఒక్కో పేజీ విడదీసి, మళ్లీ కుట్టుకున్నాడు. ఆయన ఎవరి ముందూ ఏడవలేదు. ఆ పేజీలు విడదీసే పనిలోనే ఏడ్చాడేమో.

పాఠాల_మాస్టారు
1988లో రస్సెల్ బెల్క్ అనే ఆయన ఒక పెద్ద వ్యాసం రాశాడు. మన వస్తువులు మనలో ఒక భాగం అయిపోతాయనీ, అందుకే దొంగతనంలోనో విపత్తులోనో అవి పోతే మనలో కొంత పోయినట్టు ఉంటుందనీ. అది క్లాసులో ఎన్నేళ్లుగానో చెప్తున్నాను. రేపటి నుంచి కొబ్బరి లెక్కల పుస్తకంతో మొదలుపెడతాను, మీరు ఒప్పుకుంటే.

పంటు_రేవు
నాన్న ఉండుంటే సంతోషించేవాడు. చెప్పండి మాస్టారూ.

పుస్తకాల_పురుగు
షికాగోలో 82 కుటుంబాల వాళ్లని ఇంటింటికీ వెళ్లి "మీకు బాగా ప్రత్యేకమైన వస్తువేది, ఎందుకు?" అని అడిగారు. చీక్‌సెంట్‌మిహాయి, రోచ్‌బర్గ్ హాల్టన్ అనే ఇద్దరు చేసిన పని. పిల్లలు ఎక్కువగా పాటలు వినే స్టీరియోలాంటివి చెప్పారు, అంటే వాడుకునేవి. తాతలూ మామ్మలూ ఫొటోలు చెప్పారు, అంటే మనుషుల్ని గుర్తుచేసేవి. పైన లంక ఆవిడ పడవ చూడండి. ఆవిడ చేతిలో ఫోను, మామ్మ ఒళ్లో పొత్రం.

మస్కట్_మంచం
మీరందరూ ఇళ్ల గురించి, గదుల గురించి రాస్తున్నారు. నేను మస్కట్‌లో డ్రైవరుని. మా ఊరు అమలాపురం దగ్గర. ఇక్కడ ఒక గదిలో ఎనిమిది మందిమి. నాదంటూ ఉన్నది పై బెర్తు, మంచం కింద సూట్‌కేసు, తల దగ్గర రెండు జానల గోడ. అంతే. మేనత్తగారు ఇక్కడికొచ్చి చూస్తే ఎనిమిది మందీ ఒకే మనిషి అనుకుంటారు. ఒకే రంగు దుప్పట్లు, ఒకే కంపెనీ సబ్బు, ఒకే రకం చెప్పులు.

కానీ తల దగ్గర గోడ ఒక్కొక్కళ్లది ఒక్కోలా ఉంటుంది. కింద బెర్తు ఆయన, భీమవరం వైపు, పెద్దగా మాట్లాడడు. మొదట్లో నేను ఆయన్ని పొగరు మనిషి అనుకున్నాను. ఆయన గోడ మీద ఒక్కటే కాగితం అంటించి ఉండేది. దగ్గరికెళ్లి చూస్తే కూతురి పదో తరగతి పరీక్షల టైంటేబుల్. పక్కన పెన్నుతో మన టైమూ, ఇక్కడి టైమూ రెండూ రాసుకున్నాడు, గంటన్నర తేడా కదా. ప్రతి పరీక్షకీ బయల్దేరే ముందు ఫోను చెయ్యడానికి. పరీక్షలయిపోయి రెండేళ్లయింది. ఆ కాగితం తియ్యలేదు.

నా గోడ మీద ఏముందని అడగకండి.

మండువా_మనవరాలు
అడగం అన్నయ్యా. మీరు చెప్పాలనుకున్నప్పుడు చెప్పండి.

గోదారి_సైకిల్
ఆఫీసులో కూచుని చదివాను. కళ్లు తుడుచుకోడానికి బయటికెళ్లాల్సి వచ్చింది.

ఆడపిల్ల_తండ్రి
అందరూ మేనత్తగారిని ఒక్కటే అంటున్నారు. నా వైపు నుంచి కూడా వినండి. నాకు ఇద్దరమ్మాయిలు. పెద్దదాని సంబంధానికి వెళ్లినప్పుడు మాకు దొరికే టైమెంత? గంట, గంటన్నర. అందులో సగం టిఫిన్లు, కాఫీలు. అబ్బాయి ఇస్త్రీ చొక్కాలో తలొంచుకుని కూచుంటాడు. మాటలన్నీ పెద్దవాళ్లవే. హాలు నిన్నే కడిగి ఉంటుంది. మరి మేము దేన్ని పట్టుకుని పిల్లని ఇవ్వాలి?

మా నాన్నగారు సంబంధాలకి వెళ్తే హాల్లో కూచునేవారు కాదు. "ఒక్కసారి పెరడు చూసొస్తానండి" అని పశువుల పాక దగ్గరికి వెళ్లేవారు. గేదె కింద పొడిగా ఉందా, కుడితి గోలెం కడిగారా, దూడ మనిషిని చూసి బెదురుతోందా, దగ్గరికొస్తోందా. దూడ దగ్గరికొస్తే ఆ ఇంట్లో చెయ్యెత్తేవాళ్లు లేరని ఆయన లెక్క. మా అక్కని అలాగే ఇచ్చారు. బావగారు అక్కని ఒక్క మాట అనగా మేము వినలేదు.

అందుకని ఇల్లు చూడ్డం తప్పని నేను అనను. చూస్తాం. చూడాలి కూడా. భయం మాది, పిల్ల మాది.

పాఠాల_మాస్టారు
దూడ సంగతి అద్భుతం సార్. నేను చెప్పిన పరిశోధనలో గదికి దొరకనిదని అన్నానే, మనిషి మెత్తదనం, అది మీ నాన్నగారు వస్తువుల్లో వెతకలేదు. ప్రాణమున్నదాని కళ్లల్లో వెతికారు.

ఏటిగట్టు_అక్క
ఆడపిల్ల తండ్రిగారూ, మీరు రాశాక నా కోపం కొంత తగ్గింది. నాకూ పాప ఉంది. రేపు నేనూ చూస్తాను కదా. అయితే చూసి వెళ్లిపోకుండా ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేదని నా బాధ. "ఈ సీసాలేంటి బాబూ?" అని.

కోరుకొండ_కిటికీ
చిందరవందర గదుల వైపు నుంచి ఒక మాట. 2013లో మిన్నెసోటా యూనివర్సిటీలో కాథ్లీన్ వోస్ బృందం కొందరిని సర్దిన గదిలో, కొందరిని సర్దని గదిలో కూచోబెట్టి పింగ్‌పాంగ్ బంతులకి కొత్త వాడకాలు చెప్పమంది. సర్దని గదిలో కూచున్నవాళ్ల ఆలోచనలు ఎక్కువ కొత్తగా ఉన్నాయట. తమ్ముడు ల్యాబ్ మనిషి, తెలివైనవాడు అయ్యుంటాడు.

మండువా_మనవరాలు
మరి సర్దిన గదిలో వాళ్లో?

కోరుకొండ_కిటికీ
అదే పరిశోధనలో సర్దిన గదిలో కూచున్నవాళ్లు విరాళం ఎక్కువిచ్చారు, చాక్లెట్ బదులు ఆపిల్ ఎక్కువగా తీసుకున్నారు. దాచలేదు, చెప్పేశాను.

మండువా_మనవరాలు
ఆపిల్ తినేవాళ్లనే చేసుకోండమ్మా అమ్మాయిలూ.

పాఠాల_మాస్టారు
అందులో వాళ్లని కూచోబెట్టింది వేరేవాళ్ల గదుల్లో, కాసేపే. సొంత గది ఏళ్ల తరబడి చిందరవందరగా ఉంచుకునేవాళ్లు తెలివైనవాళ్లని అందులో తేలలేదు. ఇక్కడ అమ్మలు చదువుతున్నారు గనక పిల్లలు దీన్ని వాడుకోకముందే చెప్తున్నా.

రామచంద్రపురం_రోజా
మా పెద్దమ్మ ఏదీ పారెయ్యదు. నెయ్యి డబ్బాలు, మందు సీసాలు, షాపుల కవర్లు మడతపెట్టి పరుపు కింద. ఇప్పుడు వెనక గదిలోకి వెళ్లడానికి దారి లేదు. తనకి మంచం కూడా లేదు, అది కూడా నిండిపోయింది, వరండాలో పడుకుంటోంది. మేము ఒకరోజు తీసి పారేస్తే మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. పిసినారితనం అంటున్నారు అందరూ. నాకలా అనిపించట్లేదు.

లంకలో_ఇల్లు
మూత బిగుతుగా పట్టే డబ్బా అయితే మా వైపు బంగారమేనండీ. వరదలో బియ్యం తడవకుండా ఉండేది అందులోనే. కానీ మంచం కూడా నిండిపోయిందంటే అది వేరు.

పాఠాల_మాస్టారు
రోజాగారూ, మీ అనుమానం సరైనది. పారెయ్యలేకపోవడం, పారేస్తే విపరీతమైన బాధ, మంచం, పొయ్యి కూడా వాడుకోలేనంతగా ఇల్లు నిండిపోవడం, ఇవన్నీ కలిసి ఉంటే అది స్వభావం కాకపోవచ్చు. 2013 నుంచి మానసిక వైద్యుల పుస్తకంలో దీన్ని విడిగా ఒక జబ్బుగా పెట్టారు. అది ఉందో లేదో నేను ఇక్కడి నుంచి చెప్పకూడదు. మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. ఈలోపు ఆవిడ లేనప్పుడు మాత్రం ఏదీ పారెయ్యకండి. నమ్మకం పోతే దారి మూసుకుపోతుంది.

రామచంద్రపురం_రోజా
మొదటిసారి ఒకరు పెద్దమ్మని తిట్టకుండా సమాధానం ఇచ్చారు. తీసుకెళ్తాను మాస్టారూ.

మండువా_మనవరాలు
రెండు రోజులు ఆలోచించాను. తువ్వాలు మాట వెనక్కి తీసుకోను గానీ ఒకటి కలుపుతాను.

మగవాళ్ల గది అంటున్నాం. మన ఇళ్లల్లో ఆడవాళ్లకి గది ఎక్కడ ఉంది? మాది నాలుగు వైపులా వసారాలున్న మండువా ఇల్లు, మధ్యలో వాన పడుతుంది. తాతయ్యకి పడక్కుర్చీ, చావడి. మావయ్యలకి తలో గది. మా అమ్మమ్మకి మాత్రం వంటింట్లో, ఉప్పు జాడీ పక్కన గోడలో ఒక గూడు. దానికి తలుపు కూడా లేదు. చిన్న పరదా.

అమ్మమ్మ పుట్టిల్లు నరసాపురం దగ్గర, చిన్నప్పటి నుంచీ లేసు అల్లేది. పెళ్లయ్యాక పంటు మీద గోదారి దాటి ఇటొచ్చేసింది, కానీ మానలేదు. ఆవిడ పోయాక ఆ గూడు సర్దింది నేను. కాటుక భరిణె, రెండు లేసు సూదులు, ఒక అగరొత్తుల గొట్టంలో చిల్లర. వాటి వెనకాల పాత క్యాలెండరు కాగితాలు చుట్టగా చుట్టి ఉన్నాయి. విప్పితే ప్రతి కాగితం వెనక వైపు అరచేయంత లేసు ముక్క, గుండుసూదితో గుచ్చి. ఒక్కో ముక్క ఒక్కో అల్లిక. కింద పెన్సిలుతో గీతలు. ఆవిడకి చదువు రాదు. ఎన్ని కుట్లో గీతలు గీసుకుంది. అయిదేసి గీతల మీద ఒక అడ్డగీత. 63 ముక్కలు లెక్కపెట్టాను. ఏ రెండూ ఒకటి కాదు. అందులో ఒక పూవు చూస్తే మా మండువాలో వాన పడ్డప్పుడు నీళ్ల మీద లేచే చుట్టలే. అది బయట ఏ దుకాణంలోనూ నేను చూడలేదు.

40 ఏళ్లు ఆ వంటింట్లో తిరిగాం అందరం. "అమ్మమ్మ ఖాళీగా ఉంటే ఏదో అల్లుకుంటుంది" అనుకున్నాం. ఆ పరదా తీసి ఎవరూ చూడలేదు. అడగనూ లేదు.

నరసాపురం_లేసు
అయిదేసి గీతల మీద అడ్డగీత. మా అమ్మమ్మ కూడా అచ్చం అలాగే లెక్క రాస్తుంది, సున్నపు గోడ మీద. అక్కా, ఆ 63 ముక్కలకీ ఫొటోలు తీసి దాచండి దయచేసి. కాగితం పాడైపోతుంది. ఆ వాన పూవు మా అమ్మమ్మకి చూపించాలి. కుదిరితే అల్లి పంపిస్తుంది.

మండువా_మనవరాలు
ఈ ఆదివారం తీస్తాను. నిజంగా అల్లుతారా? ఎంతయినా ఇస్తాను.

నరసాపురం_లేసు
డబ్బు మాటంటే తిడుతుంది మా అమ్మమ్మ.

పుస్తకాల_పురుగు
రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారి ఇంటిని మ్యూజియంగా ఉంచారు కదా. రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి స్కూలు పిల్లలతో, ఆయన రాసింది ఒక్క ముక్క చదవకుండా. ఒక పాత ఇల్లు చూశాను, అంతే. రెండోసారి చదివాక వెళ్లాను. అవే గదులు. ఏ గుమ్మం దగ్గరా కాలు ముందుకు పడలేదు, ఈ గుమ్మంలోంచే కదా ఆయన ఊరందరి తిట్లూ మోసుకుంటూ లోపలికి వచ్చింది అనిపించి. మనిషి ముందు తెలిస్తే గది మాట్లాడుతుంది. గది నుంచి మనిషి దగ్గరికి వెళ్లడం చాలా దూరం.

ఆడపిల్ల_తండ్రి
నేను చిన్నదాని సంబంధానికి ఈ నెలలో వెళ్తున్నాను. ఈసారి అబ్బాయితోనే గది చూపించమంటాను. ఒక వస్తువు చేతిలోకి తీసుకుని ఇది ఏంటి బాబూ అని అడుగుతాను. మాస్టారూ, తప్పు లేదు కదా?

పాఠాల_మాస్టారు
తప్పేముంది సార్. అడిగేటప్పుడు మీ అమ్మాయిని కూడా పక్కన ఉంచుకోండి. అడగాల్సింది తనకే ఎక్కువ ఉంటుంది. అబ్బాయి కూడా మీ ఇంటికొచ్చి తన పుస్తకాల గూడు చూడొచ్చు.

ఏటిగట్టు_అక్క
ఇదంతా చదివాక నిన్న రాత్రి మా తమ్ముడి గదికి వెళ్లాను. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న గదే. ఈసారి కూచుని చూశాను.

కిటికీ గట్టు మీద సీసాలు 22. ఒక్కోదాని మీద ప్లాస్టరు ముక్క, దాని మీద రైతు ఇంటిపేరు, చెరువు నెంబరు, తారీఖు, తీసిన టైము. అన్నీ వరసలో ఉన్నాయి, లేబుళ్లు నా వైపే తిరిగి ఉన్నాయి. పక్కన పుస్తకంలో సెలినిటీ, పీహెచ్, గళ్లు గీసుకుని రాసుకున్నాడు. వాడి అక్షరం ఇంత గుండ్రంగా ఉంటుందని నాకు తెలియదు.

తలుపు వెనకాల చూశాను. చిలక్కొయ్యకి రెయిన్‌కోటు, దాని కింద రబ్బరు బూట్లు, ఒక బూటులో టార్చిలైటు, రెండో దాంట్లో బండి తాళం. చీకట్లో చెయ్యి పెడితే దొరికేలాగ. ఇదేంటిరా అంటే చెప్పాడు. "రాత్రి చెరువులో ఆక్సిజన్ తగ్గుతూ వస్తుందక్కా, తెల్లారుజామున మరీ తక్కువ. అప్పుడు కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే రొయ్య పైకి తేలిపోతుంది. ఎవరో ఒకరు ఫోను చేస్తారు. లైటు వేసి వెతుక్కుంటూ కూచుంటే వాళ్ల పంట పోతుంది" అని. మూల మోటారు ఎవరిదంటే, కొత్తది కొనలేని ఒకాయనదట, స్పేరు పార్టు కోసం చూస్తున్నాడట. రేడియో నాన్నది. మోగదు. బాగుచెయ్యగలడు గానీ చెయ్యట్లేదట, లోపల స్క్రూలు నాన్న బిగించినవని.

అదే గదిలో కుర్చీ మీద 11 చొక్కాలు. అవీ లెక్కపెట్టాను. పక్కవాడి పంటకి కావాల్సింది అంతా దాని చోట ఉంది, తన ఒంటికి కావాల్సింది మాత్రం కుప్ప. మేనత్తగారు కుప్ప చూశారు. తలుపు తీసి ఉంది గనక దాని వెనకాల ఉన్నది ఆవిడకి కనపడలేదు.

అమ్మ రేపటి నుంచి గది సర్దేస్తానంటోంది, ఇంకో సంబంధం వాళ్లు వస్తున్నారని. తమ్ముడు వద్దన్నాడు. "చొక్కాలు నేనే మడతపెడతాను, మిగతావి ముట్టుకోకమ్మా, వచ్చినవాళ్లని నేనే పైకి తీసుకెళ్తాను" అన్నాడు. ఇందాక చూస్తే మడతపెడుతున్నాడు. సరిగ్గా రావట్లేదు, అయినా పెడుతున్నాడు.

లంకలో_ఇల్లు
బూటులో టార్చి! మా ఇంట్లో పుట్టాల్సినవాడండీ.

మస్కట్_మంచం
నాన్న బిగించిన స్క్రూలు. ఆ ఒక్క మాట చాలు తమ్ముడి గురించి నాకు.

మండువా_మనవరాలు
అక్కా, ఒక్కటి అడుగుతాను, దాచకుండా చెప్పండి. తువ్వాలు?

ఏటిగట్టు_అక్క
దండెం మీదే ఆరేస్తాడండీ. ఇప్పుడే వెళ్లి చూసొచ్చాను.